తుఫాను బుడ్డీ ఉప్పు తట్టా

ఆ ఉదయం జిలానీకి ఎటూ పాలుపోలేదు.

ఉప్పుమళ్ల పక్కనున్న చిన్న దర్గాలో అతను మీరా షా గారి శిష్యుడు. ఎవరో భక్తుడు ఇచ్చిన తుఫాను బుడ్డిని తనే కిటికీలో పెట్టాడు. మూత బిగించిన అందమైన గాజుబుడ్డి. లోపలి మందునీళ్లలో తెల్లటి పలుకులు పెరిగితే వాన వస్తుందట. ఒకటి రెండుసార్లు అలాగే జరిగేసరికి జిలానీ కాళ్లు నేల మీద నిలవలేదు. మళ్లలో పనిచేసేవాళ్లంతా వాన కబురు అతన్నే అడిగేవారు.

ఇప్పుడు ముసలి ఆదెమ్మ వచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"వాన పడుద్దా నాయనా? నా ఉప్పంతా గట్టు మీదే ఉంది. అది కరిగిపోతే ఈ ఏడు నాకు కూడు లేదు. మిట్టకి మోసుకుందామంటే ఒంట్లో సత్తువ లేదు. దిగులుతో రేత్రిళ్లు కునుకు పడతల్లేదు."

బుడ్డిలో పలుకులు గుబురుగా లేచి ఉన్నాయి. తూనీగలు చూస్తే కిందికి దిగలేదు. రాత్రి చంద్రుడి చుట్టూ వరదగుడీ కట్టలేదు.

"బుడ్డి పడుతుందంటోంది, తూనీగలు పడదంటున్నాయి. ఏది నమ్మాలి బాబా?" అని జిలానీ లోపల కూర్చున్న గురువుని అడిగాడు.

మీరా షా గారు మోకాళ్లు పట్టుకుని లేచారు. మూలనున్న తట్ట తీసుకుని ఎండలోకి నడిచారు. అంత పెద్దాయన మోస్తుంటే కూర్చోవడం బాగుండదని జిలానీ కూడా సణుక్కుంటూ వెళ్లాడు. ఆదెమ్మ వాళ్ల వెనకే వచ్చింది.

గట్టు మీది ఉప్పును మిట్టకి మోసి, రాశి పోసి, తాటాకు కప్పాలి. తట్టలోంచి కారే ఉప్పునీళ్లకి జిలానీ మెడ మండింది. మడమ పగుళ్లలోకి దిగితే ప్రాణం లేచిపోయింది.

"వాన రాకపోతే బాబా?"

"తట్ట ఎత్తు."

ఆఖరి తాటాకు కప్పేసరికి పొద్దు వాలింది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. జిలానీకి ఏడుపొచ్చినంత పనైంది.

"ఒక్క చినుకు లేదు! బుడ్డిని చూడకుండా ఉంటే ఈ చాకిరీ తప్పేది. ఒళ్లు హూనమైంది బాబా, దేనికి ఇదంతా?" అని గట్టిగానే అరిచాడు.

మీరా షా గారు అతని భుజం మీద చెయ్యి వేసి, తలతో పక్కకి చూపించారు.

ఆదెమ్మ రాశికి ఆనుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"మెల్లగా మాట్లాడు" అన్నారు.