తిప్పన్న కిన్నెర కర్ర

అనగా అనగా, వాగులకింకా పేర్లు పెట్టని కాలంలో ఒక వాగుండేది. వాగుకు ఇటు రెండు పల్లెలు, అటు ఒక పల్లె. ఆ మూడు పల్లెలకూ కలిపి ఒకే ఒక్క కిన్నెర. ఆ కిన్నెర తిప్పన్నది.

తిప్పన్నకు పొలం లేదు, పుట్ర లేదు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ కిన్నెర, దాంతో పాటు సవారమ్మ అనే పెళ్లాం. కిన్నెరంటే ఏముంది? ఒక వెదురు కర్ర, కర్ర మీద తీగ, తీగ కింద మెట్లు, కర్రకు వేలాడే మూడు పెద్ద సొరబుర్రలు. తీగ మీటితే నాదం ఆ బుర్రల్లోకి దిగి గుమ్మని బయటికొస్తుంది. అలాంటి బుర్రలు అంత తేలిగ్గా దొరకవు. కాయ పాదు మీదే ముదరాలి, పాదు మీదే ఎండాలి. లేత సొరకాయ కనబడితే కూరకు కొయ్యకుండా ఎవరు ఊరుకుంటారు చెప్పండి? తిప్పన్న బుర్రలు వాళ్ల తాత కాపలా పడుకుని ఎండబెట్టినవి.

పొద్దుగూకే వేళ తిప్పన్న గడపలో కూర్చుని వీరుల కథలు పాడేవాడు. కిన్నెర మోత రెండు పల్లెలు దాటి, వాగు దాటి, అవతలి పల్లెలో పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లకు కూడా వినపడేది. తిప్పన్నకు ఆ గర్వం ఉండేది. ఉంటే ఉండనివ్వండి, ఇంకేముంది పాపం గర్వపడడానికి!

కానీ మనసులో ఒక దిగులు. ఒకనాడు పెళ్లాంతో అననే అన్నాడు.

"సవారీ, సచ్చిపోయిన వీరుల పేర్లన్నీ నేను పాడితిని. నేను పోతే నా పేరెవరు తలుస్తరే?"

"నీ కిన్నెర ఎంత దూరం ఇనపడితే అంత దూరం నీ పేరుంటది. ఇగ బువ్వ తిను" అంది సవారమ్మ.

ఆ మాట తిప్పన్న మనసులో నాటుకుపోయింది. కిన్నెర ఎంత దూరమో పేరు అంత దూరం.

ఎండాకాలం వచ్చింది. తిరపతమ్మ అనే బాలింత చంకలో బిడ్డతో వచ్చి నిలబడింది. గుట్ట అవతల కూలి పని, దారిలో చుక్క నీళ్లుండవు.

"మామా, కుండ మోస్తే బిడ్డను మొయ్యలేను, బిడ్డను మోస్తే కుండ మొయ్యలేను. నీళ్లకొక బుర్ర ఇయ్యరాదె."

తిప్పన్న కిన్నెర వైపు చూశాడు. బిడ్డ ఎండిన పెదాల వైపు చూశాడు. ఒక బుర్ర విప్పి ఇచ్చాడు.

సవారమ్మ నెత్తి కొట్టుకుంది. "గొంతు కోసి ఇచ్చినవు గదయ్యా!"

"ఇంకా రెండున్నయి గదనే!" అన్నాడు తిప్పన్న.

ఆ సాయంత్రం మోత వాగు దాటలేదు.

ఎండలు పోయి మబ్బు పట్టింది. నర్సప్ప అనే రైతు వచ్చాడు. గంపల్లోని జొన్న విత్తనాన్ని ఎలుకలు కొంత తిన్నాయి, చెమ్మ కొంత తిన్నది. మిగిలిన కాసిన్ని గింజలు పోతే ఊరికి విత్తనమే లేదు. బుర్రలో పోసి మూతికి మన్ను మెత్తితే ఎలుకకు అందవు, చెమ్మ తగలదు. ఆ సంగతి చెప్పి నర్సప్ప తల దించుకున్నాడు. తిప్పన్న రెండో బుర్ర విప్పాడు.

"ఇంకా ఒకటున్నది గదనే!" అన్నాడు, పెళ్లాం అడగకముందే.

ఆ సాయంత్రం మోత పక్క పల్లెకు పోలేదు. వాళ్ల వాడలోనే తిరిగి ఆగిపోయింది.

వానలు పడ్డాయి. వాగు ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. అవతలి పల్లెలో ఒకామెకు నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగిందని గట్టు మీంచి కేకలు. మంత్రసాని ఆశమ్మ ఇవతల ఉంది. ఈత వచ్చుగానీ ఆ పోటుకు తట్టుకోవాలంటే నడుముకు బుర్ర కట్టుకోవాలి. పరుగెత్తుకుంటూ తిప్పన్న గడపకొచ్చింది.

తిప్పన్న చెయ్యి ముడి మీదే ఆగిపోయింది.

"అక్కా, ఇదొక్కటే మిగిలింది."

"ఆడ ఇద్దరున్నరు తిప్పన్నా. తల్లి, బిడ్డ."

తిప్పన్న ముడి విప్పాడు. ఆశమ్మ దాన్ని కట్టుకుని వాగులో దూకింది. అవతల తేలింది. తల్లీ బిడ్డా బతికారు. బుర్ర మాత్రం గట్టు ఎక్కేటప్పుడు ముడి ఊడి వాగులో కొట్టుకుపోయింది.

ఆ రోజు సవారమ్మ తిట్టలేదు. మొగుడి పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"ఇప్పుడేమంటవు?"

తిప్పన్న ఏడ్చాడు. ఆ తర్వాత ముక్కు చీదుకుని, "కర్ర ఉన్నది గదనే" అన్నాడు.

"ఊరుకో, నీ సొరకాయ కోతలూ నువ్వూ! ఇప్పుడు సొరకాయ కూడా లేకపాయె" అని నవ్వింది సవారమ్మ.

తిప్పన్న తీగ మీటాడు. దోమ రొదలాగా వినపడీ వినపడనట్టుంది. సవారమ్మ దగ్గరికి జరిగింది. ఇంకా జరిగింది. చివరికి కర్ర కొసకు చెవి ఆనించింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"ఏమయ్యో! మోతంతా ఈడనే ఉన్నది!"

నిజమే. మూడు పల్లెలకు వినపడిన మోతంతా ఆ కర్రలో గుమ్మని తిరుగుతోంది. చెవి ఆనించినవాళ్లకే వినపడుతుంది, అంతే.

సవారమ్మ వాడంతా చెప్పింది. తిరపతమ్మ వచ్చి చెవి ఆనించింది. నర్సప్ప వచ్చి ఆనించాడు. వాగు తగ్గాక అవతలి పల్లె నుంచి ఆ బాలింత వచ్చింది. వాన రోజు పుట్టిన కూతురి చెవిని కర్రకు తాకించింది. పిల్ల ఏడుపు ఆపేసింది. రోజూ సాయంత్రం గడప ముందు జనం వరుస కట్టేవారు. తిప్పన్న నోరు మళ్లీ లేచింది.

"ఇంతకుముందు నా పాటే మీ ఇండ్లకొచ్చేది. ఇప్పుడు మీరే నా ఇంటికొస్తున్నరు. ఎట్లున్నది?"

అట్లా బతికి, అట్లా పాడి, ముసలివాడై ఒకనాడు తిప్పన్న పోయాడు. కర్రను అతనితో పాటే మట్టిలో పెట్టబోయారు. వాన రోజు పుట్టిన పిల్ల అప్పటికి ఎదిగింది. అందరినీ తోసుకుని వచ్చి కర్రను గుండెకు హత్తుకుంది.

"ఇయ్యను. దీంట్ల మా తిప్పన్న ఉన్నడు" అంది.

ఎవరూ కాదనలేదు. సవారమ్మ అసలే కాదనలేదు.

ఆ ఏడు మూడు పల్లెలూ ఒక్కో పాదు మీద ఒక్కో కాయను కొయ్యకుండా వదిలేశాయి. అవి ముదిరాయి, ఎండాయి. మూడు బుర్రలూ తెచ్చి ఆ కర్రకు కట్టారు. పిల్ల తీగ మీటింది. మోత వాగు దాటింది.

ఇప్పటికీ ఆ వైపు కిన్నెర వాయించేవాళ్లు కథ మొదలుపెట్టే ముందు ఒక్కసారి తీగ మీటి ఊరుకుంటారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కర్రకు చెవి ఆనిస్తారు. "ఉన్నడా?" అని అడుగుతాడు పాటగాడు. "ఉన్నడు" అంటారు పిల్లలు. అప్పుడే కథ.

ఇంకో సంగతి. ఆ పల్లెల్లో సొరపాదుకు కాసిన మొదటి కాయను ఎవరూ కొయ్యరు. కొత్త కోడలెవరైనా తెలియక దాని మీద చెయ్యి వేసిందా, వంటింట్లోంచే అత్త గట్టిగా అరుస్తుంది.

"ఏయ్! అది తిప్పన్నది!"

ఆ కేక వాగు అవతలికి కూడా వినపడుతుంది.