జెల్లముల్లు

వేసవి ముదిరి కొల్లేటి అంచు మడుగులన్నీ ఎండిపోయాయి. మిగిలింది ఒక్క బురదగుంట. అందులో పిత్తపరిగెల్లాంటి చిన్న చేపలు ఎప్పుడో అయిపోయి, జెల్లచేపలే మిగిలాయి. జెల్లంటే మాటలా? వీపున ఒక ముల్లు, అటొకటి ఇటొకటి. బెదిరితే మూడూ నిక్కబొడుచుకుంటాయి. చావకముందే మింగితే కొంగ గొంతులో అడ్డంపడి ప్రాణం తీస్తాయి.

నారాయణపక్షి కూడా కొంగజాతిదే, దానికి ఇదంతా తెలుసు. అయినా తప్పలేదు. తుమ్మచెట్టు మీద గూట్లో రెండు పిల్లలు నిన్నటినుంచి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఎలాగో ఒక జెల్లను పొడిచి, గట్టుకు తెచ్చి, రాతికేసి బాదడం మొదలెట్టింది. అది చచ్చాక మింగి, గూట్లో పిల్లలకు కక్కి పెట్టాలి.

పొదచాటున కాచుకున్న నక్క బయటికొచ్చింది. "ఇంకా బాదుతున్నావా అక్కా? అక్కడ నీ గూటి మీద గద్ద తిరుగుతోంది!"

నారాయణపక్షికి పైప్రాణాలు పైనే పోయాయి. ఇక్కడినుంచి చూస్తే గూడు కనపడదు.

"నిజమేనా తమ్ముడూ?"

"నీ పిల్లల మీద ఒట్టు! ఆలస్యం అమృతం విషం. మింగితే మింగు, లేకపోతే వదిలేసి ఎగురు!"

మింగితే తను చస్తుంది. తను చస్తే పిల్లలకు దిక్కెవరు? వదిలేస్తే ఆకలికి మాడతాయి. గబగబా ఇంకో రెండు దెబ్బలు వేసింది. జెల్ల కదలడం మానింది గానీ ముళ్లు వాలలేదు.

"గద్ద ఎత్తుకుపోయాక ఆ మేత ఎవరికి పెడతావు?" అంది నక్క.

ఆ మాటతో తల్లి ముక్కు పట్టు సడలింది. జెల్లను వదిలేసి, రెక్కలు విప్పుతూనే అరిచింది. "దాన్ని ముట్టుకోకు తమ్ముడూ! అదింకా చావలేదు!"

"నాకే కథలా!" నక్క పకపకా నవ్వింది. "నువ్వు తిరిగొచ్చేదాకా నన్ను దీని జోలికి రాకుండా కూర్చోబెట్టాలని చూస్తున్నావు." అని జెల్లను లటుక్కున కరిచింది.

జెల్ల ఒక్కసారి గింజుకుంది. ఒక ముల్లు అంగిట్లో, ఒకటి నాలుకలో దిగబడ్డాయి. ఇక మింగలేదు, కక్కలేదు, నోరు మూయలేదు.

గూటి దగ్గర గద్ద లేదు. పిల్లలు ఆకలికి కీచుకీచుమంటున్నాయి. వాటిని చూసి తల్లి ఏడ్చినంత పని చేసి, మేతకోసం మళ్లీ గుంటకే వచ్చింది. గట్టున నక్క చొంగ కారుస్తూ, తీయమన్నట్టు నోరు చూపించింది.

"ముట్టుకోవద్దని చెప్పానుగా," అంది నారాయణపక్షి. "పిల్లల మీద ఒట్టేసినవాడి నోట్లో నేను ముక్కు పెట్టను." అని ఇంకో జెల్లకోసం బురదలో నిలబడింది.

అబద్ధాలకోరుకు ఎదుటివాళ్ల నిజం కూడా అబద్ధంలాగే వినిపిస్తుంది.