ఎనిమిది మీటర్ల గొయ్యి

బెహరా నరసింగరావు మేష్టారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. శిష్యులు అడిగింది విని, చెప్పులు వేసుకుని బయటికి నడిచేవారు. వెంట వెళ్ళినవాళ్ళకు జవాబు దొరికేది, ఒక్కోసారి ఎండదెబ్బ కూడా.

ఆ రోజు అడిగింది మేకా సుదర్శిని. ఊరి చివర ఒక భవంతి పునాదికి ఎర్రమట్టిలో గొయ్యి తవ్వారు. దాని గోడ నిలుస్తుందో లేదో కంప్యూటర్ మీద లెక్కకట్టడం ఆమె పని. ఆ లెక్క ఒక్క జవాబు ఇవ్వదు, రెండు హద్దులు ఇస్తుంది. ఏడు మీటర్ల లోతు దాకా గోడ నిలవడం ఖాయం, తొమ్మిదికి చేరితే కూలడం ఖాయం. గొయ్యి ఎనిమిది మీటర్లుంది. భోజనాలు కాగానే ఇనుము కట్టేవాళ్ళు లోపలికి దిగాలి. అందుకు సుదర్శిని సరే అనాలి.

"నిజం మధ్యలోనే ఎక్కడో ఉంటుంది కదా సార్. ఎనిమిదీ మధ్యలోనే ఉంది. దిగమనొచ్చా?" అని అడిగింది.

మేష్టారు చెప్పులు వేసుకున్నారు.

గొయ్యి అంచున, టార్పాలిన్ నీడలో పనివాళ్ళు అన్నాలు తింటున్నారు. ఆకు కదలడం లేదు. అయినా గొయ్యిలోంచి చల్లదనం పైకి వస్తోంది, చాన్నాళ్ళుగా మూసిన గది తలుపు తీసినట్టు. ఎదుటి గోడ మీంచి కాస్త మట్టి రాలింది, ఆగింది, మళ్ళీ రాలింది. అక్కడ ఎవరూ లేరు.

"కూలితే ఏ ముక్క కూలుతుందంది నీ కంప్యూటరు?" అన్నారు మేష్టారు.

ఆమె ఫోనులో బొమ్మ తెరిచింది. మట్టినంతా త్రికోణాలుగా విడగొట్టి చేసే లెక్క అది. మట్టి తెగబోయే చోట త్రికోణాలు సన్నబడి, బెల్లం దగ్గర చీమల్లా గుమిగూడతాయి. ఎక్కడ చేరాలో వాటికి ముందుగా ఎవరూ చెప్పరు. ఆ బారు గోడ అడుగున మొదలై, వంపు తిరిగి, అంచుకు అయిదు మీటర్ల వెనక నేలమీదికి తేలింది.

సుదర్శిని అంచు నుంచి కొలుచుకుంటూ వెనక్కి నడిచింది. మేష్టారిని దాటింది. తింటున్నవాళ్ళనీ దాటింది. అయిదో మీటరు వాళ్ళ వీపుల వెనక వచ్చింది.

సరిగ్గా అక్కడే మేస్త్రీ పైడయ్య కేరేజీ కడిగి నీళ్ళు పారబోశాడు. నీళ్ళు పరుచుకోలేదు. నేల మీద వెంట్రుకంత గీతలోకి చప్పుడు లేకుండా దిగిపోయాయి.

"ఇదేటి, ఎంత పోసినా తాగేస్తంది!" అని నవ్వి, మరో చెంబు పోశాడు. అవీ కనబడకుండా పోయాయి.

సుదర్శిని తింటున్నవాళ్ళ వైపు తిరిగింది. "లేవండి, అందరూ లేవండి! ఈ గీత దాటి ఇవతలికి వచ్చెయ్యండి!" అని అరిచింది. కంచాలు పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. గోడకు దన్ను కట్టేదాకా ఎవరూ దిగడానికి వీల్లేదని పైడయ్యకు చెప్పేసింది.

రోడ్డు మీద నిలబడి అందరూ గొయ్యి వైపు చూశారు. ఏమీ కాలేదు.

"అన్నం మధ్యలో లేపేసినారమ్మా" అని గొణిగాడు పైడయ్య.

సుదర్శినికి తల కొట్టేసినట్టయింది. వెళ్ళిపోతున్న మేష్టారిని అందుకుని, "గోడ ఇంకా నిలబడే ఉంది సార్" అంది.

ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

"దానికేం తొందరమ్మా" అన్నారు.