వెయ్యి ఆకుల గ్రంథం

చెరువు తూము తలుపు బిగుసుకుంటే ఏం చేయాలో ఆస్థాన పండితుడు అనంతభట్టు వెయ్యి తాటాకుల గ్రంథంలో రాశాడు. ఏది ఏ ఆకులో ఉందో చెప్పే సూచిక మాత్రం లేదు. వరదనాడు తలుపు బిగుసుకుంది. తూము కాపలాదారు పోచయ్య ఆ ఆకు వెతుకుతుండగానే కట్ట తెగి పొలాలు కొట్టుకుపోయాయి.

"గ్రంథం ప్రకారం నడుచుకోలేదు. వీణ్ణి దేశం వెళ్లగొట్టండి ప్రభూ," అన్నాడు భట్టు రాజుతో.

"వెళ్తాను దొరా," అన్నాడు పోచయ్య. "పిల్లల్ని ఇక్కడే వదిలి పోవాల్సినవాణ్ణి. ఆ ఆకేదో అయ్యవారిని ఒక్కసారి చూపించమనండి."

భట్టు వెతకడం మొదలుపెట్టాడు. పొద్దు వాలినా దొరకలేదు.

"కట్ట ఇంతసేపు ఆగలేదు దొరా."

రాజు శిక్ష రద్దుచేసి, సూచిక రాయమని భట్టును ఆజ్ఞాపించాడు. మరుసటి వానాకాలానికి అది వచ్చింది. మూడు వందల ఆకులు.

పోచయ్య ఆ మోపు వైపు చూసి, పిల్లల్ని మెరక మీదున్న అత్తగారి ఊరికి పంపేశాడు.