తల తిప్పించే టీవీ

భుజంగరావు కొట్లో జనం తమకు కావలసిన టీవీ కొనుక్కున్నది తక్కువ, ఆయన అంటగట్టింది మోసుకుపోయింది ఎక్కువ.

ఓనాడు సెలూన్ ఎల్లమంద చంకలో కత్తుల పొదితో వచ్చాడు. సెలూన్లో పాత డబ్బా టీవీ పోయిందనీ, గోడకి తగిలించే చిన్నది కావాలనీ అన్నాడు.

"గోడంతది ఉండగా చిన్నదెందుకయ్యా? ఇది పెడితే జనం చూపు తిప్పుకోలేరు," అంటూ భుజంగరావు పెద్ద టీవీలో క్రికెట్ పెట్టించాడు.

ఎల్లమంద టీవీని వదిలేసి ఆయన గడ్డం వంక చూశాడు. "మీరు ఆట చూస్తూ కూర్చోండి. ఊరికే గడ్డం గీసి పెడతాను. నాకూ పరీక్ష అయిపోతుంది."

ఇదేం పరీక్షో తెలియకపోయినా, ఊరికే అనగానే భుజంగరావు కుర్చీలో వాలాడు. ఏం జరుగుతుందోనని కొట్లోవాళ్ళంతా మూగారు. ఎల్లమంద నురగ పట్టించి, ఒక చెంప గీసి, కత్తి గొంతు దగ్గరికి తెచ్చాడు. అంతలో బంతి ఈ చివర నుంచి ఆ చివరకి దూసుకుపోయింది. దాని వెంటే భుజంగరావు తలా తిరిగింది. ఎల్లమంద చటుక్కున కత్తి వెనక్కి లాగాడు.

"నేను మిమ్మల్నే చూస్తున్నాను కాబట్టి సరిపోయిందండి," అన్నాడు తాపీగా. "సెలూన్లో అయితే నేనూ ఆటే చూస్తుంటాను."

భుజంగరావు గొంతు తడుముకున్నాడు.

"ఒరే, ఆ పెద్దది ఆపేసి చిన్నది పెట్టండి," అని పనివాళ్ళను కేకేశాడు. "నాకింకా సగం గడ్డం ఉంది."