విప్పని బస్తా

"గురువుగారూ, ఒక సరుకు కొనాలంటే కనీసం ఎంత కొనాలి?" అని ఏకాంబరం అడిగాడు. అడిగాడనడం మర్యాద. తాళాల గుత్తి నేలకేసి కొట్టి మరీ అన్నాడు.

కూర్మయ్యగారి ఆశ్రమంలో ఉచిత వైద్యశాల ఉంది. దాని కొట్టు చూసేవాడు ఏకాంబరం. లెక్కలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు కనుక, తన తప్పులన్నీ తన సొంతమేనని తానే చెప్పుకునేవాడు. ఈసారి మాత్రం లెక్క కుదిరింది. పిప్పళ్లు నెలకు ఎనిమిది కిలోలు ఖర్చవుతాయి. మూడు నెలలు దాటితే పురుగు పడుతుంది. కాబట్టి ఇరవై నాలుగు కిలోలకు మించి కొనకూడదు. పట్నం షావుకారేమో యాభై కిలోల బస్తా విప్పనన్నాడు. "అయితే ఒక్క కాయ కూడా వద్దు పో" అని ఏకాంబరం ఫోన్ పెట్టేశాడు. అది జరిగి పది రోజులు. ఇప్పుడు పిప్పళ్ల డబ్బా తుడిచినట్టుంది.

అరుగు మీద పోలయ్య అనే ముసలి జాలరి ఆయాసంతో గోడకు చేరగిలబడి ఉన్నాడు. నిన్నా మొన్నా పిప్పళ్ల మందు లేదని ఏకాంబరమే పంపేశాడు. ఈ రోజు తిరిగి వెళ్లే ఓపిక కూడా లేదు. గురువుగారు అతన్ని చూశారు, డబ్బా చూశారు. ప్రశ్న విననట్టే, "జోగినాథం దగ్గరికెళ్లి గుప్పెడు పిప్పళ్లు పట్రా" అన్నారు.

జోగినాథం పక్క వీధి వైద్యుడు. మూడేళ్ల కిందట ఏకాంబరం చేసిన లేహ్యాన్ని పదిమందిలో బెల్లంపాకం అన్నాడు. అది నిజంగానే పాకంలా ఉందని ఏకాంబరానికి తెలుసు. అందుకే కోపం తగ్గలేదు.

పళ్లు నూరుకుంటూ వెళ్లాడు. జోగినాథం పెరట్లో పిప్పళ్లు ఆరబోసి, జల్లెడ పట్టి పురుగులు దులుపుతూ, షావుకారుని తిడుతున్నాడు.

"నువ్వూ బస్తా కొన్నావా?" అన్నాడు ఏకాంబరం.

"విప్పి అమ్మడుగా వాడు. నాకు నెలకు ఎనిమిది కిలోలు చాలు. మిగతాది వీటికి."

"నాకో మాట చెబితే సగం తీసుకునేవాణ్ణిగా."

"నీ గడప తొక్కడం కంటే పురుగుల్ని మేపడం నయం" అంటూ జోగినాథం మంచివి ఏరి ఏరి పొట్లం కట్టాడు. కట్టి, చేతికివ్వకుండా గట్టు మీద పడేశాడు.

పోలయ్య ఊపిరి కుదుటపడేసరికి పొద్దు వాలింది.

"ఇంతకీ కనీసం ఎంత కొనమంటారు?" అని ఏకాంబరం నసిగాడు.

కూర్మయ్యగారు మందు నూరిన కల్వం కడుగుతూనే అన్నారు.

"షావుకారు పట్టు యాభై కిలోలు. నీ పట్టూ జోగినాథం పట్టూ ఎంతో ముందు తూచి రా."