ఈరవ్వ సాలు

పొలాలకు ఇంకా హద్దుగా గెట్టురాళ్ళు పాతని కాలం అది. వాన ఎక్కడ ఆగితే అక్కడే ఊరి పొలిమేర అనుకునే కాలం. ఆ కాలంలో ఒక నల్లరేగడి ఊళ్ళో ఈరవ్వ అని ఒక ముసలమ్మ ఉండేది.

మొగుడు ఎప్పుడో పోయాడు. పిల్లలు కలగలేదు. ఆమెకు ఉన్నదల్లా ఒక గుడిసె, కలుపు తీసే ఖుర్పీ ఒకటి, ఒక నోరు. ఆ నోరు ఊరికే ఉండేది కాదు, గాలితోనైనా మాట్లాడేది.

పొద్దంతా పటేలు జొన్నచేలో కలుపు తీసేది. తీసిన కలుపులోంచి తినే ఆకు ఏరి ఒడిలో కట్టుకునేది. తుమ్మికూర, గునుగుకూర, దొగ్గలికూర. వాటికి విత్తనం వేసేవాళ్ళు లేరు, నీళ్ళు పెట్టేవాళ్ళు లేరు. వాన పడితే వాటంతట అవే వచ్చేవి. ఇంటికెళ్ళి వెల్లుల్లి, కారం, నువ్వులపొడి వేసి వండుకుని జొన్నరొట్టెతో తినేది. ఒడి నిండా కూర, గుడిసెలో ఒక్కతే. "ఇంకింత పెట్టు" అని అడిగే మనిషి లేకపోతే వంట ఎంత రుచిగా ఉండి ఏం లాభం?

అప్పుడే ఆ ఊరికి ఒక గొప్ప పట్టుకుంది. తెల్లన్నం తింటే పెద్దిల్లు, కలుపుకూర తింటే చిన్నిల్లు. అందరికంటే పెద్దిల్లు పటేలుది కదా, ఆ ఇంటి గడపను కలుపుకూర దాటి ఎరగదు.

ఆ ఇంటికి తుల్జమ్మ కోడలుగా వచ్చింది. వచ్చిన ఏడాదికే కడుపుతో ఉంది. అత్త పటేలమ్మకు సంతోషం కంటే భయం ఎక్కువైంది. ఆమె పెద్దబిడ్డ కాన్పులో పోయింది. కడుపులో బిడ్డ పెద్దదై అడ్డం తిరిగిందన్నారు. అందుకని, లోపలి బిడ్డ మరీ పెరగకుండా, కోడలికి పాలు లేవు, నెయ్యి లేదు, ఆకు లేదు. తెల్లన్నం, చింతపండు చారు, అంతే. కడుపు మాడ్చాలని కాదు పాపం, కోడలు బతకాలని.

ఒకరోజు పొద్దుగూకే వేళ ఈరవ్వ చేలోంచి వస్తూ చూసింది. పటేలు ఇంటి పెరట్లో తుల్జమ్మ గోడ తడుముకుంటూ నడుస్తోంది.

"ఏమైంది బిడ్డా?"

"పొద్దుగూకంగనే కండ్లకు ఏమో అడ్డం వడ్తుందవ్వా. తెల్లారితే మంచిగనే ఉంటది. ఎవ్వలకు చెప్పకు."

చెప్పకపోతే దాగుతుందా? పటేలమ్మకు తెలియనే తెలిసింది. ఆమె గుండెలు బాదుకుంది. "గుడ్డిపిల్లను మాకు అంటగట్టిండ్రు! వచ్చే అమాస దాకా చూస్త. అప్పటికీ గిట్లనే తడుముకుంట తిరిగితే పుట్టింటికి తోలుడే. కాన్పయినంక బిడ్డను మేం తెచ్చుకుంటం, తల్లిని ఆడనే ఉండనియ్యి."

ఆ మాట ఈరవ్వ చెవిన పడింది. రేచీకటికి మందేమిటో ఆమెకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే, కడుపుతో ఉన్నదానికి ఆకలవుతుంది.

మొదటిరోజు గోడ మీదుగా రొట్టె, కూర అందించింది. పటేలమ్మ చూసింది, లాక్కుని బర్రె ముందు వేసింది. బర్రె సంతోషంగా తింది.

రెండోసారి గడ్డిమోపులో దాచి పంపింది. పటేలమ్మ మోపు విప్పించింది. బర్రెకు మళ్ళీ పండగ. "ఇగ నా చేలకెల్లి ఎవ్వలూ ఒడిల ఆకు కట్టుకపోవద్దు! తీసిన కలుపు ఆడనే మట్టిల తొక్కుండ్రి," అని హుకుం వేసింది.

మూడోసారి ఈరవ్వ ఏం చేసిందంటే, అసలు ఏమీ చేయలేదు. చేనంతా శుభ్రంగా కలుపు తీసి, గెట్టు పక్క సాలు, ఆ ఒక్క వరస, ముట్టకుండా వదిలేసింది. వారం తిరిగేసరికి ఆ సాలు పచ్చగా గుబురెత్తింది. మొగుడికి సద్ది తెచ్చిన తుల్జమ్మను పిలిచి చూపించింది.

"ఒడిల కట్టుకపోవద్దన్నది మమ్ముల. నీ మొగని చేను, నీ చెయ్యి. నువ్వు తెంపుకుంటే అడిగెటోళ్ళెవరే?"

తుల్జమ్మ నవ్వింది. అన్నాళ్ళలో మొదటిసారి నవ్వింది.

ఇక రోజూ అదే వరస. తుల్జమ్మ సద్ది ఇచ్చి, సాలులో ఆకు తెంపి, తిరుగు దారిలో ఈరవ్వ గుడిసెకు వచ్చేది. ఒడి నిండా కూర, గుడిసెలో ఇద్దరు. ఇద్దరూ వాగు ఇసుకలో తవ్విన చెలిమెలోంచి తెచ్చిన తియ్యటి నీళ్ళు తాగి, కూర్చుని తినేవాళ్ళు.

"ఇంకింత పెట్టవ్వా," అనేది తుల్జమ్మ.

ఆ మాటకు ఈరవ్వ కళ్ళు తుడుచుకునేది. కారం ఘాటు అని చెప్పేది.

ఒకనాడు పటేలు చేను చూడ్డానికి వచ్చాడు. గెట్టు పక్క సాలు చూసి మండిపడ్డాడు.

"ఏందే ఇది? ఇంత కలుపు ఎట్ల వదిలినవ్?"

ఈరవ్వకు చీమ కాలు కూడా కనిపిస్తుంది. నిజం చెబితే సాలు పోతుంది, పిల్ల పోతుంది. తలవంచి అంది: "నాకు కండ్లు కనవడ్తలేవు దొరా. ముసలిదాన్ని."

"కనవడకపోతే ఇంట్ల కూసో. రేపటికెల్లి పనికి రాకు."

ఈరవ్వ ఖుర్పీ నడుముకు చెక్కుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మిగతా కలుపు కూలీలు వచ్చి ఆ సాలు తీస్తారేమోనని రాత్రంతా గాలితో చెప్పుకుంది. వాళ్ళూ ఆడవాళ్ళే. ఎవరికీ కళ్ళు కనపడలేదు.

అమావాస్య వచ్చింది. ఇంకా దీపాలు ముట్టించలేదు. పటేలమ్మ వాకిట్లో కూర్చుని, "చెంబెడు నీళ్ళు తే," అంది. తుల్జమ్మ లోపల్నుంచి వచ్చింది. మధ్యలో పడుకున్న లేగదూడను తప్పుకుని, గడప దాటి, చుక్క ఒలకకుండా చెంబు అత్త చేతికిచ్చింది.

"ఏం చేసినవే?"

తుల్జమ్మ దాచలేదు. అంతా చెప్పింది. పటేలమ్మ నీళ్ళు తాగి చెంబు పక్కన పెట్టింది. పెద్దింటి నోరు కదా, తప్పయిందనడానికి తొందరగా తెరుచుకోదు. ఈరవ్వను రేపు పిలుద్దాం అనుకుంది. ఆ రేపు వానాకాలమంతా రాలేదు.

తుల్జమ్మకు కాన్పు సుఖంగా అయింది. ఆడపిల్ల. అప్పుడు పటేలమ్మ చేటనిండా జొన్నలు, మీద ఒక చీర పెట్టుకుని గుడిసెకు వెళ్ళింది. గుడిసె తలుపు తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. జ్వరమొచ్చి ముందురోజే పోయిందని, కలుపు తీసే ఆడవాళ్ళే మట్టి చేశారని పక్కింటివాళ్ళు చెప్పారు.

పటేలమ్మ ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. సొంత బిడ్డ పోయినప్పుడు ఎంత ఏడ్చిందో అంత ఏడ్చింది. ఒక్కరోజు ముందొస్తే ఏం పోయేదని తనను తానే తిట్టుకుంది.

మరుసటి వానలకు కలుపు మొదలైన నాడు పటేలమ్మ స్వయంగా చేలోకి వచ్చింది. "గెట్టు పక్క సాలు ముట్టకుండ్రి. అది ఈరవ్వది," అంది. ఆ ఏడు ఒక చేలో, మరో ఏడు పది చేలల్లో, ఆపైన ఊరంతా అదే పద్ధతి.

ఇప్పటికీ ఆ దిక్కున గెట్టు పక్క సాలు కలుపు తీయరు. దాన్ని ఈరవ్వ సాలు అంటారు. తొలి ఆకు ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళ ఒడిలో పోస్తారు. ఆ తర్వాత ఎవరైనా వచ్చి తెంపుకోవచ్చు, అడగక్కర్లేదు. చేను ఆసామి ఆ దారిన వస్తే అవతలికి మొహం తిప్పుకుంటాడు. "నాకు కండ్లు కనవడ్తలేవు," అని గట్టిగా అని, అలాగే నడిచి వెళ్ళిపోతాడు.